వీధి చరిత్రను పిల్లల చేత చెప్పించడం

ప్రశ్న: మా వీధి చరిత్రను పిల్లల కోసం రాయాలనుంది. ఆస్ట్రేలియా రచయిత్రి నాడియా వీట్లీ ఇలాంటి పుస్తకం రాశారని విన్నాను. ఆమె పద్ధతి ఏమిటండీ?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: మీరు విన్నది ‘మై ప్లేస్’ గురించేనమ్మా. 1987లో వచ్చింది, బొమ్మలు డోనా రాలిన్స్ వేశారు. అంతకుముందే 1931 నాటి సిడ్నీ అద్దెదారుల పోరాటం ఆధారంగా 1985లో ఒక నవల రాశారామె. తర్వాత రచయిత్రి చార్మియన్ క్లిఫ్ట్ జీవితచరిత్ర కూడా రాశారు. అయినా మీకు పనికొచ్చేది ‘మై ప్లేస్’ నిర్మాణమే.

చోటు ఒక్కటే, కథ చెప్పే పిల్లలు మారతారు. 1988లో మొదలై పదేళ్లకొకరు చొప్పున 1788 దాకా వెనక్కి వెళ్తుంది. ప్రతి పిల్లా తన పరిసరాల పటం గీస్తుంది. పెద్ద చెట్టు మాత్రం అలాగే ఉంటుంది. నేటి కాలువ వెనక్కి వెళ్లేకొద్దీ వాగవుతుంది. మార్పును ఎవరూ వివరించరు, పటాలు పోల్చుకుని చదివేవాళ్లే కనిపెడతారు. నాకు ఎంతో నచ్చేది అదే.

మీరూ ముందు పటాలే గీయండి. 1998 నుంచి 1948 దాకా ఆరు చాలు. గుడో, బావో, చెట్టో అన్నిటిలోనూ ఉండాలి. తప్పులు దొర్లేది తేదీల దగ్గరే. మద్రాసు ట్రాములు 1953లో ఆగిపోయాయి; 1948 పిల్లాడు ఎక్కొచ్చు, 1958 వాడు ఎక్కకూడదు. ఊరి పేరు అధికారికంగా మారింది 1996లో; 1988 పిల్ల కవరు మీద ‘మద్రాసు’ అనే రాయాలి, వాళ్ల అవ్వ మాత్రం ‘చెన్నపట్నం’ అనొచ్చు. పదేళ్ల పిల్లకు తెలియని సంగతి ఆమె నోట పలికించకండి.