పినో నోయిర్ మన దగ్గర పండుతుందా?

ప్రశ్న: ఇటలీలోని ఆల్టో అడిజె కొండలోయల్లో పండే వైన్ ద్రాక్ష పినో నోయిర్‌ను రెండెకరాల్లో పెడదామనుకుంటున్నాను. అక్కడా ఎండలు బాగా కాస్తాయట కదా, మన దగ్గర ఎందుకు వద్దంటున్నారు?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: ఎండల మాట నిజమే. అక్కడి ముఖ్యపట్టణం బొల్జానో చుట్టుపక్కల జులై మధ్యాహ్నం 30 డిగ్రీలు దాటుతుంది. కానీ పొద్దుగూకాక కొండల మీది చల్లగాలి తోటల్లోకి దిగుతుంది. తేడా అంతా ఆ రాత్రుల్లోనే ఉంది. ద్రాక్ష పులుపులో ప్రధానమైనవి టార్టారిక్, మాలిక్ ఆమ్లాలు. టార్టారిక్ వేడికి పెద్దగా తరగదు. మాలిక్‌ను మాత్రం వేడెక్కిన కాయ శ్వాసక్రియలో వాడేసుకుంటుంది. రాత్రీ వేడిగానే ఉంటే తీపి ఎక్కేలోపే పులుపు పోయి వైన్ చప్పబడుతుంది. పైగా పినో తొందరగా పండే రకం, తొక్క పల్చన. మన ఎండకు రంగూ వాసనా సరిగా కట్టవు.

దాని బదులు నాసిక్ తోటల్లో నిలదొక్కుకున్న వైన్ రకాలు షిరాజ్, షెనిన్ బ్లాంక్ చూడండి. డాగ్‌రిడ్జ్ అనే ద్రాక్ష రకం వేరుమూలం (అంటు కింద వేరునిచ్చే మొక్క)పై అంటుకట్టినవి తీసుకోండి. కాపు కోసం కొమ్మల కత్తిరింపు వానలు తెరిపిచ్చాక అక్టోబరులో చేయాలి. ముందే చేస్తే లేత చిగుళ్లకు బూజు తెగులు పడుతుంది. నవంబరు దాటిస్తే కాయ మార్చి ఎండల్లో పడుతుంది. మన దగ్గర తీగకు చలికాలపు నిద్ర ఉండదు కాబట్టి కొమ్మల మీది మొగ్గలు ఒకేసారి పగలడానికి, కత్తిరించిన 48 గంటల్లోగా హైడ్రోజన్ సయనమైడ్‌ను లీటరు నీటికి 30 మి.లీ. కలిపి ఆ మొగ్గలకు పూయాలి. అది విషం. చేతి తొడుగులు తప్పనిసరి, పూసినవాళ్లు ఆ ముందూ వెనకా మద్యం అస్సలు ముట్టకూడదు.

కోతకు ముందు రసం పరీక్షించండి. తోట నలుమూలల నుంచీ వంద కాయలు తెచ్చి పిండి, 10 మి.లీ. రసంలో రెండు చుక్కల ఫినాల్ఫ్తలీన్ (పులుపు విరిగితే గులాబీ రంగుకు మారే సూచిక) వేసి, 0.1 నార్మల్ గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం బొట్టుబొట్టుగా కలపాలి. లేత గులాబీ రంగు నిలిచేసరికి 8 నుంచి 10 మి.లీ. పడితే లీటరుకు 6 నుంచి 7.5 గ్రాముల ఆమ్లం ఉన్నట్టు. ఎర్ర రకాల్లో రంగు తెలియదు, పీహెచ్ మీటరులో 8.2 వరకు చూడండి. తీపి 22 నుంచి 24 బ్రిక్స్ (రసంలో చక్కెర పాలును చెప్పే కొలత) ఉండాలి.

అన్నిటికన్నా ముందు కొనే వైనరీతో రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. వైన్ ద్రాక్షది చిన్న కాయ, లోపల గింజలు: పండ్ల మార్కెట్లో దీన్ని అడిగేవాళ్లుండరు.

ప్రశ్న: న్యూజిలాండ్ సెంట్రల్ ఒటాగో తోటల్లో గడ్డకట్టే చలిరాత్రి చిగుళ్లపై నీళ్లు చల్లుతారట. చిగురు చావదా?
– ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: చావదు. నీరు గడ్డకట్టేటప్పుడు గ్రాముకు సుమారు 334 జౌళ్ల వేడి వదులుతుంది. కొత్త నీరు పడుతున్నంతసేపూ మంచుపొర కింద చిగురు సున్నా డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. మధ్యలో మోటారు ఆగితే నీరు ఆవిరవుతూ చిగురు వేడినే లాగేసుకుంటుంది, అప్పుడు చల్లకపోయినదానికన్నా ఎక్కువ నష్టం. అందుకే తెల్లవారి మంచు కరగడం మొదలయ్యేదాకా ఆపరు.