వోర్టెక్ హెడ్స్ ఉన్న షెవీ 350కి రాకర్ ఆర్మ్స్: 1.5 వెయ్యాలా, 1.6 వెయ్యాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: 1998 ట్రక్కులోంచి తీసిన ఎల్31 ఇంజిన్ (వోర్టెక్ రకం హెడ్స్‌తో వచ్చిన షెవర్లే 350 వి8), హెడ్స్ (వాల్వులుండే పై భాగాలు) కంపెనీవే. 1.5 రాకర్‌తో (కామ్ కదలికను 1.5 రెట్లు చేసి వాల్వ్‌ను నొక్కే మీట) 0.480 అంగుళాల లిఫ్ట్ (వాల్వ్ తెరుచుకునే దూరం) ఇచ్చే హైడ్రాలిక్ రోలర్ కామ్ (వాల్వులను నడిపే గడ్డలున్న షాఫ్ట్) కొన్నారు. దాని మీద 1.6 అల్యూమినియం రోలర్ రాకర్స్ పెడితే ఇంకాస్త పవర్ వస్తుందా అని.

ముందు లెక్క చూడండి. 0.480ని 1.5తో భాగిస్తే కామ్ లోబ్ (గడ్డ) లిఫ్ట్ 0.320. దాన్ని 1.6తో గుణిస్తే 0.512. అంటే 32 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) ఎక్కువ. చిక్కేంటంటే, కంపెనీ వోర్టెక్ హెడ్స్‌లో సుమారు 0.460-0.470 దాటగానే స్ప్రింగ్ రిటైనర్ (వాల్వ్ స్ప్రింగ్‌ను పైన పట్టుకునే టోపీ) కిందికొచ్చి వాల్వ్ సీల్‌ను కొట్టేస్తుంది. మీరు కొన్న కామ్‌కే చోటు చాలదు, 1.6 మాట తర్వాత. చిన్న రిటైనర్ ఉన్న బీహైవ్ (పైకి సన్నబడే) స్ప్రింగ్స్ వేయండి, లేదా గైడ్ (వాల్వ్ కాడ జారే గొట్టం) పైభాగం మెషిన్ షాపులో కోయించండి. వాల్వ్ పూర్తిగా తెరిచినప్పుడు రిటైనర్‌కూ సీల్‌కూ మధ్య, అలాగే స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయే ముందు, కనీసం 60 థౌ ఖాళీ మిగలాలి. పిస్టన్‌కూ వాల్వ్‌కూ మధ్య ఇన్‌టేక్‌కి 80, ఎగ్జాస్ట్‌కి 100 థౌ.

రాకర్ అనేది ఏతం మాను లాంటిది. ఒక వైపు లాభం ఇంకోవైపు బరువుగా పడుతుంది. వాల్వ్ పూర్తిగా తెరిచినప్పుడు స్ప్రింగ్ 300 పౌండ్లు నెడితే, పుష్‌రాడ్ (కింది నుంచి రాకర్‌ను పైకి తోసే కడ్డీ) మీద 1.5తో 450, 1.6తో 480 పౌండ్లు. స్ప్రింగ్, పుష్‌రాడ్ రెండిటి భారమూ కలిసి పడేది స్టడ్ (రాకర్‌ను హెడ్‌కు పట్టి ఉంచే బోల్టు) మీదే. ఈ హెడ్స్‌లో స్టడ్స్ నొక్కి దిగ్గొట్టినవి. గట్టి స్ప్రింగ్స్ పెడితే ఒక స్టడ్ కొద్దికొద్దిగా పైకి లేస్తుంది, ల్యాష్ (రాకర్ దగ్గరి ఆట) వదులై టకటకమంటుంది, జనం లిఫ్టర్‌ను (కామ్‌కూ పుష్‌రాడ్‌కూ మధ్య ఉండే భాగం) తిడతారు. కాబట్టి డబ్బు ముందు థ్రెడ్ స్టడ్స్‌కి పెట్టండి, రాకర్ రంగుకి కాదు.

ఇక రకం. వోర్టెక్ రాకర్ సెల్ఫ్-అలైనింగ్: కొసన రెండు చిన్న అంచులు వాల్వ్ కాడను పట్టుకుని పక్కకు జారకుండా ఆపుతాయి. గైడ్‌ప్లేట్ (పుష్‌రాడ్‌ను దారిలో ఉంచే పలక) పెడితే మాత్రం అంచుల్లేని రాకర్, గట్టిపరిచిన పుష్‌రాడ్స్ తప్పనిసరి. రెండూ కలిపితే ఒకదాన్నొకటి లాగి వాల్వ్ కొస పక్కలు అరిగిపోతాయి. రెండూ లేకపోతే రాకర్ వాల్వ్ మీంచి జారిపోతుంది. మీరైతే సెల్ఫ్-అలైనింగ్‌లోనే ఉండండి. గైడ్‌ప్లేట్ కోసం స్టడ్ కుదురు కోయించే పని తప్పుతుంది. కొత్త రిటైనర్ ఎత్తుగా ఉంటే ఆ అంచులు దానికి తగులుతాయి, అది చేత్తో తిప్పి ప్రతి వాల్వ్ దగ్గరా చూడాల్సిందే.

రోజూ తిరిగే బండికి నేను స్టీల్ రాకర్‌నే ఎన్నుకుంటాను. అల్యూమినియం తేలికే గానీ, కోట్లసార్లు వంగే పనిలో ఎప్పుడో ఒకప్పుడు అలిసి విరుగుతుంది. పైగా బరువు ఇరుసు దగ్గరుంటే పెద్ద నష్టం లేదు, కొసన తేలిగ్గా ఉంటే చాలు. స్టడ్ 3/8 అయితే రాకర్ కూడా 3/8దే కొనాలి. 7/16ది దాని మీద సరిగ్గా కూర్చోదు.

పుష్‌రాడ్ పొడవు పాతదే సరిపోతుందని అనుకోవద్దు. సర్దుబాటు చేసే చెకింగ్ పుష్‌రాడ్ పెట్టి, వాల్వ్ కొసకు మార్కర్ పూసి, క్రాంక్‌ను రెండు చుట్లు తిప్పండి. ఈ కొలతకు సాలిడ్ లిఫ్టర్ వాడండి. హైడ్రాలిక్ లిఫ్టర్ లోపలికి కుంగి అబద్ధం చెబుతుంది. గీత సన్నగా, మధ్యకు దగ్గరగా రావాలి. సన్నదనానికే నా ఓటు. ఎగ్జాస్ట్ వైపుకు జరిగితే పుష్‌రాడ్ పొడవు ఎక్కువ, ఇన్‌టేక్ వైపుకు జరిగితే తక్కువ.

సెట్టింగ్: ఎగ్జాస్ట్ అప్పుడే తెరుచుకుంటున్నప్పుడు ఇన్‌టేక్‌ను, ఇన్‌టేక్ దాదాపు మూసుకుంటున్నప్పుడు ఎగ్జాస్ట్‌ను సరిచేయండి. పుష్‌రాడ్‌ను వేళ్లతో పైకీ కిందికీ కదుపుతూ ఆట పోయేదాకా నట్ బిగించి, అక్కడి నుంచి అర చుట్టు. తిప్పి చూస్తే కొందరు ఎక్కువ బిగించేస్తారు, అందుకే కదపమంటున్నాను. పాలీలాక్‌లో (లోపల లాక్ స్క్రూ ఉండే రాకర్ నట్) లోపలి స్క్రూ బిగించాక, నట్‌తో సహా ఇంకొంచెం తిప్పితే లాక్ గట్టిగా పడుతుంది.

1.6కే వెళ్లాలనుకుంటే, పుష్‌రాడ్ స్టడ్‌కు దగ్గరగా జరుగుతుందని గుర్తుపెట్టుకుని హెడ్‌లో అది దూరే కన్నం గోడకు రాసుకోవడం లేదని చూడండి. పాలీలాక్స్ పొడవు వల్ల పాత వాల్వ్ కవర్ మూయలేకపోవచ్చు, లోపలి బాఫిల్‌కు (నూనెకు అడ్డుపలక) తగులుతాయి. దళసరి గ్యాస్కెట్ గానీ, ఎత్తు కవర్ గానీ ముందే తెచ్చిపెట్టుకోండి.