టానిక్ సంగతి తర్వాత, ముందు ఆ మాత్ర ఏమిటి?

ప్రశ్న: మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. రెండు నెలలుగా రోజూ పొద్దున్నే కడుపునొప్పి అంటోంది. స్కానింగ్, రక్తపరీక్షలు నార్మల్. మార్కులు తగ్గాయి, నిద్ర పట్టదు. మా అత్తగారి నిద్రమాత్ర సగం వేస్తే పడుకుంటోంది. ఎండల్లోనూ ఫుల్ హ్యాండ్స్ తప్ప వేసుకోదు. సైకియాట్రిస్ట్‌కు చూపిస్తే రేపు పెళ్లికి ఇబ్బందంటున్నారు మావారు. జ్ఞాపకశక్తికి మంచి టానిక్ చెప్పగలరా?

జవాబు: టానిక్ అక్కర్లేదమ్మా. పిల్లను చూడకుండా జబ్బు పేరు చెప్పలేను గానీ, నాకు భయం వేసినవి రెండు. సగం మాత్ర, ఫుల్ హ్యాండ్స్.

పెద్దావిడకు రాసిన మాత్ర పిల్లకెలా వేస్తారు? పేరు కూడా రాయలేదు. అల్ప్రాజొలామ్ లాంటిదైతే అలవాటు పడుతుంది, పగలు మత్తు, చదివింది గుర్తుండదు. మార్కులు తగ్గడంలో దాని వాటా కూడా ఉండొచ్చు. అలాగని రోజూ వేస్తుంటే ఠక్కున ఆపకండి, వణుకు, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. రేపే స్ట్రిప్ తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి, ఎలా తగ్గించాలో ఆయన చెబుతారు. మీ అంతట మీరు డోసు మార్చొద్దు. నా ఓపీలో ఇలాంటి 'సగం మాత్రలు' చూసి చూసి విసుగొస్తోంది.

ఫుల్ హ్యాండ్స్ వెనక ఏమీ లేకపోవచ్చు. చేతి మీద గాట్లు దాస్తోందేమో మాత్రం తెలుసుకోవాలి. ఆ గాట్లేమిటని అడిగితే ఓ పిల్ల 'పిల్లి గీరింది' అంది. వాళ్లింట్లో అసలు పిల్లి లేదు. చెయ్యి లాగి చూడొద్దు. పక్కన కూర్చుని, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకుండా అప్పుడే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

కడుపునొప్పి నాటకం అనుకోకండి, నొప్పి నిజమే. ఆదివారం కూడా వస్తోందా? స్కూల్లో ఎవరైనా ఏడిపిస్తున్నారా?

మీవారికి చెప్పండి: 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ల పిల్లల్లో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది, మహానగరాల్లో పదమూడుకు పైనే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాల్సిందే. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి అనగానే ముఖం చిట్లించకండి, మీకు మెట్రోలో నాలుగు స్టేషన్లే. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

అన్నట్టు, అత్తగారి మాత్రలు ఈ రాత్రే బీరువాలో పెట్టి తాళం వేయండి. తాళంచెవి మీ దగ్గరే ఉండాలి.