తోట ఇంట్లో సోలార్ ఏసీ: పగటి లెక్క వేరు, రాత్రి లెక్క వేరు

కరెంటు లైను రాని తోట ఇంట్లో 2 కిలోవాట్ల ప్యానెళ్లు, 12 వోల్టుల, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే నిల్వ సామర్థ్యం) బ్యాటరీలు రెండు పెట్టుకుని ఒకటిన్నర టన్నుల ఏసీని రాత్రంతా నడపవచ్చా అని మీరు అడిగారు. నడవదండీ. ఖమ్మం జిల్లాలోని మా మామిడి తోటలో ఇంచుమించు ఇలాంటి ఏర్పాటుతోనే రెండు వేసవులు అవస్థ పడ్డాను కాబట్టి, డబ్బు పెట్టకముందే మీకు ఈ సంగతి చెప్పాలనిపించింది.

పగలు ఏసీ నడపడం ప్యానెళ్ల పని, రాత్రి నడపడం బ్యాటరీల పని. మీరు చెప్పిన రెండు బ్యాటరీలలో కలిపి ఉండేది 3.6 యూనిట్లు, లెడ్ యాసిడ్ రకాన్ని సగానికి మించి వాడితే త్వరగా దెబ్బతింటుంది కాబట్టి చేతికి వచ్చేది 1.8 యూనిట్లే. వేడెక్కిన గదిని చల్లబరచడానికి ఒకటిన్నర టన్నుల ఏసీ మొదటి గంటలోనే దాదాపు అంతా తాగేస్తుంది.

నేను లెడ్ యాసిడ్‌లోనే ట్యూబులర్ రకం బ్యాటరీలు నాలుగు కొని, అమ్మిన వ్యక్తి ఫరవాలేదన్నాడని వాటిని ఇంటి వెనుక రేకుల షెడ్డులో పెట్టాను. రెండో వేసవిలో, మే నెలలో ఒక రాత్రి రెండు గంటల వేళ ఇన్వర్టర్ కూత పెట్టి ఏసీ ఆగిపోయింది. తెల్లవారి మూతలు తీసి చూస్తే రెండింటిలో నీళ్లు లోపలి పలకల కంటే కిందికి దిగి, పలకల అంచులు సున్నం పట్టినట్టు తెల్లబారి ఉన్నాయి. పరిసరాల వేడి 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి పది డిగ్రీలకు ఈ రకం బ్యాటరీల ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని నాకు అప్పటికి తెలియదు. ఆ రేకుల కింద మధ్యాహ్నం నిలబడడమే కష్టం.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నవి 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, లెడ్ యాసిడ్‌లా సగంతో ఆపక్కర్లేని 5 యూనిట్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి, ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ. పాత రకం ఏసీలో కంప్రెసర్ మొదలయ్యే ప్రతిసారీ మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఇన్వర్టర్ ఏసీ మెల్లగా అందుకుంటుంది కాబట్టి ఆ దెబ్బ ఉండదు. పది అడుగులకు పన్నెండు అడుగుల గదిలో 26 డిగ్రీలు పెట్టి, పైన ఫ్యాను తిప్పుకుంటూ పడుకుంటే, మొదటి గంటలో ముప్పాతిక యూనిట్ పైచిలుకు, తర్వాత గంటకు 0.4 యూనిట్ చొప్పున, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నాలుగు యూనిట్లలోపే అవుతుంది. ఫ్యానుకూ ఇన్వర్టర్‌కూ అయ్యేది కూడా పోను, నిద్ర లేచి చూస్తే బ్యాటరీలో పది, పదిహేను శాతం మిగిలి ఉంటుంది. మంచి ఎండకాసిన రోజున పన్నెండు యూనిట్ల దాకా తయారవుతాయి కాబట్టి, బ్యాటరీ నిండాక మధ్యాహ్నం ఏసీకి కూడా కొదవ ఉండదు. అయితే ఎండ మండే వేళ ప్యానెళ్లు బాగా వేడెక్కి దిగుబడి కొంత తగ్గుతుంది, కాబట్టి వాటికీ కప్పుకూ మధ్య గాలి ఆడేలా ఖాళీ వదలండి.

ఏసీ కొనేముందు డాబాకు తెల్లటి కూల్ పెయింట్ వేయించి, పడమటి కిటికీకి నీడ కల్పించండి. మాకు అన్నిటికంటే చౌకగా, ఎక్కువగా కలిసొచ్చినది ఇదే. ఇంటి కప్పు మీది సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్య ఘర్ రాయితీ గ్రిడ్‌కు, అంటే కరెంటు లైనుకు, కలిపిన ఇళ్లను ఉద్దేశించినది కనుక దానిని నమ్ముకుని లెక్క వేసుకోవద్దు.

ముసురు పట్టిన రోజులకు మాత్రం నా దగ్గరా ఉపాయం లేదు. వరుసగా రెండు రోజులు మబ్బు కమ్మితే ఏసీ కట్టేసి, ఉన్న కరెంటును ఫ్యానుకూ ఫ్రిజ్‌కూ మిగుల్చుకుంటాం.