క్యాబేజీకి వ్యామ్ ఎందుకు పనిచేయలేదంటే

అన్నా, ఎర్ర చెలకలో మిరపకు వ్యామ్ (వేళ్లలో పెరిగి మొక్కకు భాస్వరం అందించే శిలీంధ్రపు జీవన ఎరువు) బాగా పనిచేసింది, నల్లరేగడిలో క్యాబేజీకి మాత్రం ఏమీ కాలేదు, నకిలీదా అని అడిగారు. మందును అనుమానించే ముందు పంటను చూడండి. క్యాబేజీ, కాలీఫ్లవర్, ఆవాల వేళ్లలో ఈ శిలీంధ్రం కాపురం పెట్టదు. మిరప, టమాట, మొక్కజొన్న, కంది వేళ్లలోనైతే చక్కగా అల్లుకుంటుంది.

ఎర్రనేలలో భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం పట్టేస్తాయి, రేగడిలో సున్నం. వేరు చేరలేని సందుల్లోంచి ఈ బూజు పోగులే దాన్ని తెచ్చిస్తాయి. కాబట్టి రేగడి మిరపకూ వేయొచ్చు. కాకపోతే భాస్వరం ఎక్కువుండే డీఏపీ దండిగా పోశారో, మొక్కే ఈ శిలీంధ్రాన్ని దగ్గరికి రానివ్వదు (మా దగ్గర చాలామంది చేసే పని ఇదే). వ్యామ్‌ను నారుమడిలోనే, విత్తనానికి అడుగున ఉండేలా చల్లండి. ఆ రోజుల్లో మొదళ్లలో శిలీంధ్రనాశని పోయకండి.