కలువ కాడల మీది పాచి తెగులు కాదు, తుత్తం కొట్టకండి

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర 5 ఎకరాల పట్టా చెరువు. లోతు 5 అడుగులు. శీలావతి, బొచ్చె వేశాం. నీళ్లు కొల్లేరులోకి పోయే డ్రెయిన్ నుంచి పెట్టుకుంటాం. నెల రోజులుగా చెరువులోని హైడ్రిల్లా నాచుకూ, గట్టు వెంట కలువ కాడలకూ గోధుమరంగు జిగురు, పచ్చటి పాచి పట్టింది. కొల్లేరు అంచున మొక్కలకూ ఇలాగే ఉంది. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పాచి తెగులు చేపలకు అంటుకుందని షాపాయన అంటున్నారు. ఎకరాకు 5 కిలోల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చల్లి, పాచి వచ్చే దారి మూసుకుపోయేలా డ్రెయిన్‌లో, కొల్లేరు అంచున కూడా కొట్టమన్నారు. చల్లమంటారా?

జవాబు: వద్దు. చెరువులోనూ వద్దు, డ్రెయిన్‌లోనూ వద్దు. కొల్లేరు అంచున అయితే ఆ ఆలోచనే పెట్టుకోకండి. 1999 నుంచి అది అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తించిన చిత్తడి నేల. అక్కడ రసాయనం చల్లితే వన్యప్రాణి చట్టం కింద కేసు మీ మీద పడుతుంది.

ఇక మీ చేపల సంగతి. అవి పాచి తెగులు అంటుకుని పైకి రావడం లేదు, ఆక్సిజన్ చాలక వస్తున్నాయి. మేత ఎంత వేస్తున్నారో, కోళ్ల ఎరువు ఎప్పుడు వేశారో మీరు రాయలేదు. నా అనుమానం అక్కడే. మిగిలిన మేతా, ఎరువూ అడుగున కుళ్లుతూ ఆక్సిజన్ లాగేస్తాయి. రాత్రిపూట మొక్కలూ పాచీ కూడా ఆక్సిజన్ తీసుకుంటాయి కాబట్టి తెల్లవారేసరికి అడుగంటుతుంది.

ఈ రాత్రి నుంచే ఇలా చేయండి. మేత 3 రోజులు పూర్తిగా ఆపండి. ఎరువులన్నీ ఆపండి. ఏరేటర్లు ఉంటే రాత్రి 12 నుంచి ఉదయం 7 వరకు తిప్పండి. లేకపోతే ఇంజన్ పెట్టి మీ చెరువు నీళ్లనే తోడి పైనుంచి చిమ్మించండి. ఉదయం 5 గంటలకు, మధ్యాహ్నం 3 గంటలకు ఆక్సిజన్, పీహెచ్ రెండూ కొలవండి. తెల్లవారుజామున ఆక్సిజన్ 3 పీపీఎం (లీటరు నీటికి 3 మిల్లీగ్రాములు) కంటే తక్కువ ఉంటే ప్రమాదం. 4 దాటాకే మేత మళ్లీ మొదలుపెట్టండి, అదీ చేపల బరువులో 1.5 శాతం, ఎండ వచ్చాక 9 గంటలకు. మేత సంచులను 3 గంటల తర్వాత తీసి చూడండి. మిగిలితే మర్నాడు తగ్గించండి. డ్రెయిన్ నీరు నల్లగా, వాసనగా ఉంటే లోపలికి పెట్టకండి.

తుత్తం డోసు గురించి. మీ లోతుకు ఎకరాకు 5 కిలోలంటే సుమారు 0.8 పీపీఎం. ఆల్కలినిటీని (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి, ఇదీ పీపీఎంలోనే) 100తో భాగిస్తే ఎన్ని పీపీఎం తుత్తం వాడవచ్చో వస్తుంది. అంటే ఆల్కలినిటీ 80 ఉంటే 0.8 పీపీఎం దాకా. 50 కంటే తక్కువ ఉంటే అసలు వాడకూడదు. మీ ఆల్కలినిటీ ఎంతో షాపాయన అడిగారా? అడగకుండా డోసు ఎలా చెప్పారు? ఒకవేళ లెక్క సరిపోయినా నేను వద్దనే అంటాను. ఆ పాచి అంతా ఒక్కసారి చచ్చి కుళ్లితే, ఇప్పటికే చాలని ఆక్సిజన్ ఒక్క రాత్రిలో పడిపోతుంది. ఇప్పుడు పైకి వచ్చి నోరు తెరుస్తున్న చేప అప్పుడు తేలిపోతుంది. బొచ్చె తినే జంతు ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మ జీవులు) కూడా చస్తాయి. తుత్తంలోని రాగి ఎక్కడికీ పోదు, అడుగు మట్టిలో చేరి ఉండిపోతుంది.

మీరు తెగులు అనుకుంటున్న ఆ పొర నిజానికి మీ శీలావతి మేత. శీలావతి పెదవుల అంచు కుచ్చులుగా ఉంటుంది, దాంతో కాడల మీది పొరను గీరి తింటుంది. మేత సంచులు కట్టే వెదురు బొంగులను ఒకసారి తడిమి చూడండి, అక్కడా ఇదే జిగురు ఉంటుంది. బంగ్లాదేశ్‌లో ఈ పొర కోసమే చెరువుల్లో వెదురు బొంగులు పాతి శీలావతి దిగుబడి పెంచారు.

ఆ పొరలో ఒక్క జాతి ఉండదు. ఒక హైడ్రిల్లా ఆకును మైక్రోస్కోప్ కింద పెడితే అడవిలోలాగా అంతస్తులు కనిపిస్తాయి. అన్నిటికన్నా కింద కొక్కోనీస్ అనే డయాటమ్ (గాజులాంటి పెంకు ఉన్న ఏకకణ పాచి) ఆకుకు అతుక్కుని చదునుగా పడుకుని ఉంటుంది. దాని పైన గొంఫోనీమా జిగురు కాడ మీద నిలబడి ఉంటుంది. ఊడోగోనియం పచ్చటి పోగులు అడుగు కణంతో ఆకును పట్టుకుని ఇంకా పైకి పెరుగుతాయి. వీటి మధ్య నావిక్యులా, నిట్జ్‌షియా లాంటివి అటూ ఇటూ పాకుతుంటాయి. చేప గీరినా నీరు కదిలినా పై పోగులు ముందు పోతాయి, కింద అతుక్కున్నవి మిగులుతాయి. పొర మళ్లీ వాటి మీదే లేస్తుంది. లేత ఆకు కన్నా ముదురు ఆకు మీద రకాలు ఎక్కువ, కలువ కాడ కన్నా చీలికల ఆకులున్న నాచు మీద ఎక్కువ. కొల్లేరులో ఇంకొక మార్పు వస్తుంది. వేసవిలో కొల్లేరును సముద్రంతో కలిపే ఉప్పుటేరు వెంట ఉప్పునీరు ఎగదన్నితే డయాటమ్‌ల రకాలే మారిపోతాయి. కొల్లేరు మొక్కలకు ఈ పొర ఉండటం రోగం కాదు. నత్తలకూ చిన్న చేపలకూ అదే తిండి.

అయితే ఏ రకం ఎక్కువైందో చూస్తే నీటి సంగతి తెలుస్తుంది. వేళ్లతో తడిమి చూడండి. గోధుమరంగు జిగురు అయితే డయాటమ్‌లు, మంచివి. పచ్చటి పోగులు జారితే స్పైరోగైరా, గరుకుగా ఉంటే క్లాడోఫోరా కావచ్చు. ఇవి మరీ పెరిగాయంటే నీటిలో ఎరువు ఎక్కువైనట్టే. నల్లగా, నీలిపచ్చగా చాపలా పట్టి దుర్వాసన వస్తుంటే ఆసిల్లటోరియా, లింగ్బ్యా లాంటివి. అప్పుడు జాగ్రత్త పడాలి. నీలిపచ్చ వాటిలో కొన్నింటికి విషం కూడా ఉంటుంది, అలాంటి నీళ్లు గేదెలకు తాగించకండి. ఆసిల్లటోరియా, నిట్జ్‌షియాలు మురుగును బాగా తట్టుకుంటాయి. 1969లో పామర్ అనే శాస్త్రవేత్త నీటి కాలుష్యాన్ని అంచనా వేయడానికి తయారు చేసిన పట్టికలో ఈ రెండూ ఉన్నాయి. మీరు రాసినదాన్ని బట్టి మీ దగ్గర గోధుమరంగు, పచ్చ రెండూ కలిసి ఉన్నాయి. పరిస్థితి ఇంకా చేయి దాటలేదు.

చాలామంది రైతులు ఇక్కడ ఒక తప్పు చేస్తారు. పాచి చిరాకుతో మొక్కలన్నీ ఒక్కరోజులో పీకేస్తారు, లేదా గడ్డి చేపను ఎడాపెడా వదులుతారు. మొక్కలు పోయాక అవి తీసుకునే నత్రజని, భాస్వరం నీళ్లలోనే ఉంటాయి. అప్పుడు నీరే చిక్కటి ఆకుపచ్చ అవుతుంది. ఎరువు ఎక్కువైతే ఆకుల మీది పాచి మందంగా పెరిగి, వెలుతురు అందక మొక్కలు చస్తాయని, తర్వాత నీరు పచ్చబడిపోతుందని 1978లో ఇంగ్లండ్‌లోని నార్‌ఫోక్ బ్రాడ్స్ సరస్సుల మీద పనిచేసినవాళ్లు చెప్పారు. విజయవాడ, ఏలూరు వైపు నుంచి బుడమేరు, తమ్మిలేరు తెచ్చే మురుగుకు మన చెరువుల నుంచి వదిలే నీరు కూడా కలిస్తే కొల్లేరుకు అదే గతి. కాబట్టి చెరువులో నాలుగో వంతుకు మించి నాచు ఉంటేనే తీయండి. అదీ వారానికి కొంత చొప్పున చేత్తో లాగి గట్టు అవతల వేయండి. నీళ్లలో కుళ్లనివ్వకండి.

నేను ప్రతి రైతునూ అడిగేది నీటి పరీక్ష. తుత్తం, జియోలైట్, ఆక్సిజన్ బిళ్లలు అంటూ వేలకు వేలు షాపులో పోస్తారు, పరీక్ష మాత్రం చేయించరు. ఆల్కలినిటీ 75 కంటే తక్కువ వస్తే ఎకరాకు 100 కిలోల వ్యవసాయ సున్నం రెండు దఫాలుగా, వారం తేడాతో వేయండి. చేపలున్న చెరువులో కాల్చిన సున్నం వేయకండి. మధ్యాహ్నం పీహెచ్ 9 దాటుతుంటే ఏ సున్నమూ వద్దు. తెల్ల పళ్లేన్ని కర్రకు కట్టి నీళ్లలోకి దించండి. 25 నుంచి 40 సెంటీమీటర్ల లోతులో కనిపించకుండా పోతే సరిగా ఉన్నట్టు. 20 లోపే మాయమైతే ఎరువు మొహం చూడకండి.

పాచి రకాలు తెలుసుకోవాలంటే చెరువులో నాలుగు చోట్ల, డ్రెయిన్ తూము దగ్గర ఒకచోట, కాడ మధ్యలోని ముదురు ఆకులు కోసి, అదే నీళ్లతో సీసాల్లో వేయండి. నమూనా చెడకుండా ఉంచే లూగాల్స్ అయోడిన్ ద్రావణాన్ని లేత టీ రంగు వచ్చేవరకు చుక్కలుగా కలిపి, ఎండ తగలకుండా అదే రోజు దగ్గరలోని మత్స్య పరిశోధనా కేంద్రానికి తీసుకెళ్లండి. నీటి పరీక్షకు వేరే సీసా, అందులో అయోడిన్ కలపకూడదు. చేపల ఒంటి మీద పుండ్లు, మొప్పలు పాలిపోవడం ఉంటే అది వేరే సమస్య. అలాంటివి కనిపిస్తే మూడు నాలుగు బతికున్న చేపలను కూడా తీసుకెళ్లి చూపించండి.