గ్రేడింగ్ స్లాబ్ పగలగొట్టి నాణెం బయటికి తీస్తే గ్రేడ్ ఉంటుందా?

ఉండదు, స్లాబ్ (గ్రేడ్ వేసిన నాణేన్ని సీలు చేసే ప్లాస్టిక్ పెట్టె) పగిలిన క్షణమే ఆ గ్రేడ్‌కూ, నాణెం అసలైనదేనన్న గ్యారంటీకీ విలువ పోతుంది. పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి అమెరికా సంస్థలు నాణెం ఎంత బాగుందో 1 నుంచి 70 వరకు ఉండే స్కేలు మీద అంచనా కట్టి, ఈ పెట్టెలో సీలు చేస్తాయి. వాళ్ల హామీ ఆ సీలు ఉన్నంతవరకే. బయటికొచ్చాక ఎవరి వేలిముద్ర పడిందో, ఎవరు రుద్ది కడిగారో, అసలు అదే నాణెమో కాదో ఎవరు చెప్పగలరు?

ఉదాహరణకు, 1881లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ముద్రించిన మోర్గన్ వెండి డాలరుకు ఎంఎస్ 64 (ఎంఎస్ అంటే మింట్ స్టేట్, చలామణిలో అరగని నాణెం) వచ్చిందనుకుందాం. 65 వస్తుందన్న ఆశతో కొందరు పగలగొట్టి మళ్లీ పంపుతారు. గ్రేడింగ్ మనుషుల కంటిచూపు మీద నడిచేది కాబట్టి 65 రావచ్చు, 63కి దిగిపోనూ వచ్చు. తీసేటప్పుడు గీత పడిందా, ఫీజు కూడా దండగే.

చాలామంది పొరపడేది స్లాబ్‌లో గ్రేడ్ రాసి ఉండే లేబుల్ దగ్గర. దాన్ని దాచిపెడితే గ్రేడ్ నిలుస్తుందనుకుంటారు. విడి లేబుల్ ఉత్త కాగితం. పెట్టె మీద గీతలు పడ్డాయనో, వేరే సంస్థ గ్రేడ్ కావాలనో అయితే పగలగొట్టే పనే లేదు, స్లాబ్‌తోనే పంపవచ్చు. మీరు అడిగిన గ్రేడ్ ఇవ్వగలిగితేనే ఆ రెండో సంస్థ దాన్ని తెరుస్తుంది.